బాపు గీసిన చెకోస్లోవేకియా

మా చిన్నప్పుడు... బహ్రెయిన్‌లో శుక్రవారం పొద్దున మా ఇంట్లో మిక్సీ కూడా తిరిగేది కాదు. బాపు, అంటే మా నాన్న, నిద్రపోయేవాడు. వారమంతా ఎండలో మేడలెక్కి ఏసీలు బాగుచేసే మనిషికి సెలవంటే ఆ ఒక్క రోజే. గుదైబియా పేటలో మాది ఒంటిగది ఇల్లు... అమ్మా నేనూ గుసగుసగానే మాట్లాడుకునేవాళ్లం.

నేను ఆరో తరగతిలో ఉండగా సోషల్ టీచరమ్మ, ఐరోపాలో ఒక దేశాన్ని ఎంచుకుని దాని చరిత్ర, ప్రాంతాలు చార్టు మీద వేసుకురమ్మన్నారు. అవాలి కాలనీలో ఒక తెల్లదొర ఇల్లు ఖాళీ చేస్తూ బాపుకిచ్చిన పాత అట్లాసు ఉండేది మా దగ్గర. అందులో బాగా పొడుగు పేరున్న చెకోస్లోవేకియాని పట్టుకుని, శుక్రవారం పొద్దున్నే బాపుని లేపాను.

"గా మనిషిని ఒక్క పూటన్న పండనియ్యరాదే!" అని అమ్మ కసిరింది. బాపు మాత్రం కళ్లు నులుముకుంటూ లేచి కూర్చున్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక పుట్టిన దేశమట... బొహీమియా, మొరేవియా, స్లోవేకియా. వాటిలోని పది ప్రాంతాలకు బాపు పది రంగులు వేశాడు. జగిత్యాల దగ్గరి మా ఊళ్లో పదో తరగతి దాకా చదివిన బాపు చేతిరాత అచ్చు గుద్దినట్టుండేది. సాయంత్రానికి నడుము పట్టేస్తే అమ్మ నూనె రాసింది.

మర్నాడు టీచరమ్మ చార్టు చూసి, "ఈ దేశం ఇప్పుడు లేదమ్మా. చెక్ రిపబ్లిక్, స్లోవేకియా అని రెండై ఏళ్లు గడిచాయి. మళ్లీ వేసుకురా" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు...

డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన బాపు మీద విరుచుకుపడ్డాను. "గా దేశం ఎప్పుడో రెండుగ ఇడిపోయిందట! నీ పాత పుస్తకంతోని నా ఇజ్జత్ పోయింది బాపూ!"

బాపు బూట్లు విప్పుకుంటూ అడిగాడు... "ఇడిపోయెటప్పుడు లొల్లేమన్న అయ్యిందా బిడ్డా?"

కాలేదట, అన్నాను.

"మంచిగైంది తియ్. శుక్రారం మల్ల గీస్త."

గీశాడు. స్లోవేకియాకు రంగు వేస్తూ వేస్తూ చార్టు మీదే తల వాల్చి నిద్రపోయాడు. నాకు జాలి కలగలేదు... చార్టు నలుగుతుందని లేపాను! తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ మాట బాపుకి ఏనాడూ చెప్పలేదు.

మొన్న ఆదివారం నా కూతురు, తెలంగాణ జిల్లాల పటం గీయాలని పొద్దున్నే నన్ను లేపింది. మా రోజుల్లో పది జిల్లాలు... ఇప్పుడు ముప్పై మూడు. వారమంతా ఆఫీసులో అలిసిన ఒళ్లు. "ఫోన్‌లో చూసి గీసుకోపో" అని అటు తిరిగి పడుకున్నాను.

అది వెళ్లిపోయింది... నాకు మాత్రం మళ్లీ నిద్ర పట్టలేదు.

మీ కోసం సెలవునాటి నిద్ర మానుకుని లేచి కూర్చున్నది ఎవరు? చెప్పండి... వినాలనుంది.