చదవని రెండు పంక్తులు

పోలీసు యాక్షన్ నాలుగైదు రోజుల్లో ముగిసింది. రెజిమెంటల్ బజారులో ఉద్యమం వాళ్ళు పెట్టుకునే తెల్లటోపీల కరువు మాత్రం నెలల తరబడి సాగింది. నేనూ ఒకటి సంపాదించాను. ఉద్యమంలో నేను చేసిన త్యాగమల్లా, చదువు ఆగిపోయినన్నాళ్ళూ మల్కాజ్‌గిరిలో ఇంట్లో పడి నిద్రపోవడం. అయినా ఆ టోపీ పెట్టుకుంటే నా ముఖం కూడా జైలుకు వెళ్ళొచ్చినట్టే కనిపించేది.

దాంతోనే ఇంటర్వ్యూకు బయల్దేరాను. బజారుకు దగ్గర్లో ఒక సర్కారు దఫ్తరులో గుమాస్తా పని. కొత్త అధికారులు మద్రాసు వైపు నుంచి వచ్చారు. వాళ్ళకు ఉర్దూ రాదు. దఫ్తరులో ఉన్న కాగితాలన్నీ ఉర్దూవే. చదివి ఇంగ్లీషులో పెట్టేవాడు కావాలి. మాకు బళ్ళో లెక్కలూ భూగోళమూ కూడా ఉర్దూలోనే చెప్పారు గనుక, జీవితంలో మొదటిసారి పనికొచ్చే విద్య ఒకటి నా దగ్గర ఉందని తేలింది.

"ఆడ జెర నోరు మూసుకొని కూసో బిడ్డా. పెండ్లిల లెక్క నవ్విస్తె నౌకరీ ఇయ్యరు" అంది అమ్మ.

ఆమె అంచనా తప్పింది.

వరండాలో బెంచీ మీద నాకంటే ముందే ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. వెలిసిన నల్ల షేర్వానీ, మెడదాకా గుండీలు. రూమీ టోపీ తలమీద లేదు. ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దానిమీద కప్పాడు. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఇంటర్వ్యూకా బేటా?"

"ఔ చాచా. గట్లనే అంటున్నరు."

"టోపీ జెర ఎనుకకు జరుపు. సాబ్‌కు నీ కండ్లు కనవడాలె. వీళ్ళకు సలాం వద్దు, చేతులు జోడించు. కూసోమన్నంకనే కూసో. వచ్చేటప్పుడు తలుపు దడేల్మని ఇడువకు."

"ఇంత ఎరుకైనంక మీరే పోరాదు చాచా లోపలికి?"

"నేను లోపల్నించే వచ్చిన" అని నవ్వాడు.

ఆ దఫ్తరులోనే ఇరవై ఆరేళ్ళు మున్షీగా కాగితాలు రాశాడట. కొత్త సర్కారు రాగానే ఇంటికి పొమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు. మళ్ళీ పనిలోకి తీసుకోమని దర్ఖాస్తు పెట్టి నాలుగు నెలలైంది. లోపల దాన్ని చదవగలిగినవాడు ఒక్కడూ లేడు.

"రోజూ వస్తున్న. ఇయ్యాల గాకుంటె రేపు సదువుతరు" అన్నాడు. అంతలో నన్ను పిలిచారు.

లోపల ఇద్దరు అధికారులు. చేతులు జోడించాను. కూర్చోమన్నాక కూర్చున్నాను. వాళ్ళలో పెద్ద అధికారి బల్ల మీది కుప్పలోంచి పైకాగితం తీసి నా ముందుకు తోశాడు.

"ఇదేమిటో చదివి తెలుగులో చెప్పవయ్యా. ఇంగ్లీషు సంగతి తర్వాత చూద్దాం."

కుదురైన చేతిరాత. కింద పేరు, దాని కింద 'మున్షీ, ఇరవై ఆరేళ్ళ నౌకరీ'. బయట బెంచీ మీది మనిషిదే.

ఉర్దూ దర్ఖాస్తుకు ఒక పద్ధతి ఉంది. 'గరీబ్ పర్వర్ సలామత్' అని మొదలుపెట్టి, రాసేవాడు తనను వీలైనంత కిందికీ, చదివేవాణ్ణి వీలైనంత పైకీ చేర్చాలి. అసలు సంగతి చివర వస్తుంది. మన జాబుల్లో 'ఉభయకుశలోపరి' లాంటిదే ఇది. ఎవరూ చదవరు. లేకపోతే మాత్రం రాసినవాడికి మర్యాద తెలియదంటారు. ఉర్దూ తెలిసిన ఏ గుమాస్తా అయినా దాన్ని దాటేసి సంగతికి వస్తాడు. ఇది నాకు తెలుసు. తెలిసే చేశాను.

"'పేదలను పోషించే ప్రభువా, క్షేమంగా ఉండుగాక' అంటున్నాడండీ."

చిన్న అధికారి పెదవి కదిలింది. నాకు అంత చాలు.

"తర్వాత, 'మీ గుమ్మం ముందు దుమ్మును' అంటున్నాడు. ఈ పంక్తిలో దుమ్ము కూడా కాదట, దుమ్ములో రేణువట. ఇంకో రెండు పంక్తులు పోతే మనిషి కంటికి ఆనడేమోనండీ!"

ఇద్దరూ ఘొల్లున నవ్వారు. నేను ఇంకా రెచ్చిపోయాను. గొంతు వణికించాను, నడుం వంచాను, నుదుటిదాకా చెయ్యెత్తి సలాం కొట్టాను. తలుపు సగమే మూసి ఉంది.

"ఇంతకీ ఏం కావాలంటాడయ్యా?" అన్నాడు పెద్ద అధికారి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

ఆఖరి రెండు పంక్తులు నా కళ్ళ ముందే ఉన్నాయి. వాటిలో దుమ్మూ లేదు, వంగడమూ లేదు. 'నామీద మోపిన ఇల్జాం, ఆ నేరం ఏమిటో తెలపండి. ఏదీ లేకపోతే నా కుర్చీ నాకిప్పించండి.' అంతే.

"ఏముందండీ, తమరు చల్లగా ఉండాలట" అన్నాను.

కాగితం బల్ల అవతలి పక్కకు వెళ్ళిపోయింది. సోమవారం నుంచి రమ్మన్నారు. బయటికి వచ్చేటప్పుడు తలుపు చప్పుడు కాకుండా వేశాను. నేర్పిన పాఠాల్లో ఒక్కటీ తప్పలేదు.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "నవ్వులు వినొచ్చినయ్. ఖుష్ అయిండ్రా?"

"అయిండ్రు చాచా."

"మరింకేం, నౌకరీ నీదే. ముబారక్ బేటా." చూపు పక్కకు తిప్పి అడిగాడు. "నా కాయితం ఏమన్న కండ్ల పడ్డదా?"

"లేదు చాచా" అన్నాను. ఈసారి జోకు తట్టలేదు.

సోమవారం చప్రాసీ నాకు సీటు చూపించి, "మున్షీ సాబ్ కుర్చీ ఇది. ఒక కాలు ఊగుతది, జెర చూస్కోని కూసోండ్రి" అన్నాడు. చూసుకునే కూర్చున్నాను. పెద్దాయన రోజూ ముందు వరండాలో ఉండేవాడు. నేను వెనక గుమ్మం నుంచి వచ్చిపోయేవాణ్ణి. నోరున్నవాడినని ఊళ్ళో పేరు, ఒక ముసలాయనకు ఎదురుపడటానికి మాత్రం ధైర్యం లేదు.

ఆ రెండు పంక్తులను ఇంగ్లీషులో పెట్టడానికి నాకు మూడు వారాలు పట్టింది. రాయడానికి పది నిమిషాలు, మిగతా కాలమంతా భయానికి. నన్ను కూడా ఇంటికి పంపేస్తారని భయం. చివరికి పెద్ద అధికారి ముందు పెట్టాను. ఆయన చదివాడు. నవ్వలేదు.

"మొన్న ఇది చెప్పలేదేమయ్యా?"

నేను బల్ల మీది కాగితాల అంచులు సరిచేశాను.

"సరే, ఇప్పుడేం చేస్తాం? ఆ సీటు భర్తీ అయిపోయింది కదా?"

"అయిందండీ" అన్నాను. కాదనడానికి దాంట్లో కూర్చున్నవాణ్ణి నేనే. 'నేను లేస్తానండీ' అనే మాట నాలుకదాకా వచ్చిందని రాసుకుంటే బాగుండేది. రాలేదు.

ఖాళీ లేదని మున్షీ సాబ్‌కు ఉర్దూలో జవాబు రాసి పంపమన్నారు. ఒక్క వాక్యంలో ముగించాను. ఇల్జాం ఏమిటని ఆయన అడిగాడు కదా అని పాత ఫైలు మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. అందులో ఆయనమీద ఒక్క మాట లేదు. ఆ సంగతి జవాబులో రాయమని నాకెవరూ చెప్పలేదు. నేనూ రాయలేదు.