గాలే గంజి పెట్టే ఊరు

మా తోడికోడలు బిల్డింగు ప్రెసిడెంటును ఓడించిన రోజున నేను అక్కడే ఉన్నాను. ఒకరు చెబితే విని రాస్తున్నది కాదు.

ఐదంతస్తుల బిల్డింగు అది. మెట్ల కింద ఖాళీలో ఆవిడ ఇస్త్రీ బల్ల. వెనకవైపు రెండు గదుల్లో మా కాపురం. ఒక గదిలో నేను, రెండో గదిలో నా మరిది, ఆవిడ. నా భర్త పోయాక ముగ్గురికీ పొయ్యి ఒకటే అయింది. ప్రెసిడెంటంటే పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయింది గానీ హుకుం వేసే అలవాటు పోలేదు. ఒక సాయంత్రం తాళంచెవుల గుత్తి వేలికి తిప్పుకుంటూ వచ్చాడు.

"ఇదిగో అమ్మాయ్, ఈ బల్ల ఇక్కడ ఉండటానికి వీల్లేదు. బొగ్గుల కంపు. గేటు అందమంతా పోతోంది."

"అలాగే సార్. రేపే తీసేస్తా" అంది మా తోడికోడలు.

నాకు మతి పోయింది. "ఎండగా ఉంది" అని ఎవరన్నా "ఎవడు చెప్పాడు" అని అడిగే మనిషి అది. అలాంటిది ఒక్క మాట కూడా ఎదురు చెప్పకపోయేసరికి జ్వరమేమోనని నుదురు పట్టి చూశాను. చెయ్యి విదిలించి కొట్టింది.

మర్నాడు పొద్దున్నే బల్ల మడిచి గదిలో పెట్టింది. బిల్డింగు మొత్తం వేసిన బట్టల మూటలు, ఒక్కదానికీ ఇస్త్రీ తగలనివి, మోసుకెళ్ళి ప్రెసిడెంటు గడప ముందు పేర్చింది. "బల్ల లేదు కదా సార్, ఎవరివి వాళ్ళకి మీరే పంచండి" అని చెప్పి, వచ్చి మా గుమ్మంలో కూర్చుని తల దువ్వుకోవడం మొదలుపెట్టింది.

ఆఫీసుల వేళయింది. పళ్ళ డాక్టరు బనియను మీద దిగాడు. కాలేజీ మేష్టారు తువ్వాలు చుట్టుకుని దిగాడు. ఆ రోజే ఉద్యోగం ఇంటర్వ్యూ ఉన్న కుర్రాడు ఏడుపు మొహంతో దిగాడు. అందరూ ప్రెసిడెంటు గడప ముందు మూటలు విప్పుతుంటే ఎవరి షర్టు ఎవరిదో తెలియదు. పళ్ళ డాక్టరు మేష్టారి ప్యాంటులో కాళ్ళు దూర్చి, మడమల పైనే ఆగిపోయిందని అరుస్తున్నాడు. ప్రెసిడెంటుగారి సొంత కోటు అన్నిటికన్నా కింది మూటలో ఉంది. ఆయన చివరికి కిందకు దిగి వచ్చాడు.

"అమ్మా, ఆ బల్ల అక్కడే పెట్టుకో."

"ఏ బల్ల సార్?"

"నీ బల్లే తల్లీ."

"మరి గేటు అందం?"

"దాని సంగతి నేను చూసుకుంటాలే. ముందు ఇస్త్రీ పెట్టె అంటించు."

ఆనాటి నుంచి బిల్డింగులో ఆవిడ పేరు టపాకాయ. మొహం మీద కూడా అలాగే పిలిచేవారు. బిరుదిచ్చినట్టు నవ్వేది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. దీని నోరు మంచిదని నేను ప్రమాణం చెయ్యలేను గానీ, ఊరు మాత్రం దీనికి మంచిగానే ఉండేది. కుళాయి నీళ్ళ దగ్గర ఒక పోట్లాట, కూరల బండి వాడితో ఒకటి, కాలరు సరిగా రాలేదన్న వాడితో ఒకటి. సాయంత్రానికి అందరూ మళ్ళీ బట్టలు దాని బల్ల మీదే వేసేవారు. అది చేసే పనికి వంక ఉండేది కాదు. గంజి పెట్టిందంటే షర్టు కుర్చీలో మనిషిలా కూర్చునేది. బిల్డింగు మగవాళ్ళు నడిచొస్తుంటే అట్టముక్కలు రాసుకున్న చప్పుడయ్యేది.

ఇక నా మరిది. పిండిమరలో పని. వయసులో చేరాడు, జుట్టు నెరిసేదాకా అక్కడే. అసలు జుట్టు ఎప్పుడు నెరిసిందో మాకు తెలియదు, ఎప్పుడూ పిండే కాబట్టి. ఆ పిండి ఊపిరితిత్తుల్లోకి కూడా పోయిందని తెలిసేసరికి మనిషి మెట్లెక్కలేని స్థితికి వచ్చాడు. దగ్గు పట్టిందంటే గోడ పట్టుకుని వంగిపోయేవాడు. మేం ఇద్దరం చెరో పక్కా నిలబడి చూడటం తప్ప ఏం చెయ్యగలం? "మందులు నా దగ్గరున్నాయి గానీ గాలి నా దగ్గర లేదు, సముద్రం పక్కకెళ్ళి బతకండి" అన్నాడు డాక్టరు.

వెళ్దామన్నది టపాకాయే. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దీని మీదే నిలబడింది. మరిది వద్దన్నాడు. "అక్కడ నీకు ఏం తోస్తుందే?" అన్నాడు. "నాకు తోచకపోవడమా? నేనుంటే ఊరికే తోచదు" అని దెబ్బలాడి మరీ సామాను కట్టింది. నన్నూ రమ్మంది. ఇక్కడి గదులు ఎవరు చూస్తారని నేను కదల్లేదు.

వెళ్ళాక ఫోను చేసేది. "ఎలా ఉందే?" అంటే "బాగుందక్కా" అనేది. "ఇల్లు?" "బాగుంది." "ఇరుగుపొరుగు?" "చాలా బాగున్నారు." పుట్టి బుద్ధెరిగి ఈ మనిషి దేన్నీ బాగుందనలేదు. పెళ్ళినాటి మొగుణ్ణి కూడా బాగున్నాడనలేదు. వరసగా నెలల తరబడి అన్నీ బాగున్నాయంటుంటే నాకు గుబులు పట్టుకుంది. సంచీ సర్దుకుని బస్సెక్కాను.

బస్సు దిగేసరికి మరిది నిలబడి ఉన్నాడు. నా సంచీ లాక్కుని భుజాన వేసుకున్నాడు. ఇంటిదాకా రోడ్డు ఎత్తుగా ఉంది. ఎక్కడ కూలబడతాడోనని నేను వెనక చేతులు చాచుకుని నడుస్తున్నాను. ఆయన కూలబడలేదు సరికదా, ఈల వేసుకుంటూ ఎక్కుతున్నాడు. పాతికేళ్ళ కుర్రాడిలా ఈల! నా కళ్ళు తడయ్యాయి. ఉప్పుగాలి అని తుడుచుకున్నాను.

"చూశావా వదినా, ఊపిరి! ఎంత కావాలంటే అంత" అన్నాడు.

"మరి అదెలా ఉంది?"

"దానికీ పడింది వదినా ఈ ఊరు. నోరు కూడా తగ్గింది. నువ్వు నమ్మవు, రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడదు."

మొగవాళ్ళకు కళ్ళు ఎందుకిచ్చాడో దేవుడికే తెలియాలి.

ఇల్లు శుభ్రంగా ఉంది. అవసరాన్ని మించి శుభ్రంగా ఉంది. గిన్నెలు తోమి తోమి అరిగి మెరుస్తున్నాయి. టపాకాయ బల్ల మీద దుప్పటి ఇస్త్రీ చేస్తోంది. మడిచింది, విప్పింది, మళ్ళీ చేసింది. కూర్చోమన్నాను. కూర్చుంది. లేచి కిటికీ దగ్గరికెళ్ళి రోడ్డు చూసింది. రోడ్డు మీద ఎవరూ లేరు. వచ్చి మంచం ఈ గోడ నుంచి ఆ గోడకు లాగింది. నేలంతా మంచం కోళ్ళు గీసిన గీతలే.

"ఇప్పుడెందుకే అది?"

"ఏ గోడకు వేసినా సముద్రం అటే ఉంటోందక్కా. అదొక్కటే చప్పుడు. ఎదురు చెప్పేవాళ్ళు లేని మనిషి గొణిగినట్టు గొణుగుతూనే ఉంటుంది."

కాలు కాలిన పిల్లి కూడా ఒక్కచోట కాసేపు ఆగుతుంది. ఇది ఆగటం లేదు. పెరట్లోంచి మరిది ఈల వినబడినప్పుడల్లా దాని భుజాలు బిగుసుకుపోతున్నాయి.

ఆ మధ్యాహ్నం నన్ను లాడ్జీకి తీసుకెళ్ళింది. ఆ ఊళ్ళో ఇస్త్రీ పని ఇచ్చే పెద్ద చోటు అదొక్కటే. వెళ్ళిన కొత్తలో దుప్పట్లు, తలగడ గలీబులు మూటలు మూటలుగా వేశారట. ఉన్నట్టుండి మానేశారట. బడి టీచరమ్మ మానేసింది, మందుల షాపాయన మానేశాడు. ఎందుకని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. "నువ్వు చూస్తూ ఉండు అక్కా, ఇవాళ ఈ లాడ్జీ వాడి నోటితో నాలుగు తిట్లు తిట్టించుకోకపోతే నా పేరు మార్చు" అంది.

లాడ్జీ ఓనరు మమ్మల్ని చూడగానే లేచి రెండు కుర్చీలు వేశాడు. మంచినీళ్ళు తెప్పించాడు.

"నీళ్ళకు రాలేదు సార్. నా పనిలో ఏం తప్పుంది?"

"అయ్యో, తప్పేం లేదమ్మా. చాలా బాగా చేశారు."

"మరి ఎందుకు మానేశారు?"

"ఇప్పుడు పెద్దగా అవసరం లేకపోయిందమ్మా" అన్నాడు, పెరట్లో తాడు మీద ఇంతంత దుప్పట్లు ఎగురుతూ కనబడుతుండగా.

"అవి ఎవరు చేస్తున్నారు? దెయ్యాలా?"

ఆయన నవ్వాడు. కోపం లేదు, వెటకారం లేదు. మెత్తగా, గోడకు వేసిన సున్నంలా నవ్వాడు.

"తిట్టండి సార్! కాల్చేశావంటే కాల్చేశావని, చింపావంటే చింపావని, నాలుగు తిట్టండి. మనిషిని ఇలా నవ్వి చంపకండి!"

"ఎండన పడి వచ్చారు, ఇంకాస్త నీళ్ళు తాగుతారా?" అన్నాడు ఆ మహానుభావుడు.

ప్రెసిడెంటును గడగడలాడించిన మనిషి ఆ కుర్చీలో కూలబడి నీళ్ళు తాగింది. దాన్ని అలా చూడటం నాకు కష్టమైంది. నేనే లేచి పెరట్లోకి నడిచాను. అక్కడ దుప్పట్లు తీస్తున్న పనిమనిషి చెయ్యి పట్టుకున్నాను. "అమ్మాయ్, నేను ముసలిదాన్ని, నా దగ్గర మొహమాటం పెట్టుకోకు. ఏం జరిగిందో చెప్పు" అన్నాను.

అది అటూ ఇటూ చూసింది. "గంజి పెద్దమ్మా" అంది.

"గంజికేమైంది?"

"ఇక్కడ గంజి పెట్టకూడదు. గాలే గంజి పెడుతుంది. తాడు మీద ఆరేస్తే చాలు, ఉప్పుకి బట్ట దానంతటదే బిగుస్తుంది. దాని మీద మళ్ళీ గంజి పెడితే చెమ్మ పట్టి జిగురైపోతుంది. లాడ్జీలో దిగిన ఒకాయన పొద్దున లేస్తే తలగడ గలీబు చెంపకు అంటుకుని ఆయనతో పాటే లేచింది. మందుల షాపాయన షర్టు వీపు మీంచి ఊడదీయడానికి ఇద్దరు కావలసి వచ్చారు."

వెనక మా తోడికోడలు నిలబడి ఉంది. అంతా వింది.

"ఈ సంగతి ఊరందరికీ తెలుసా?" అంది.

"తెలుసమ్మా."

"ఒక్కరైనా నాతో చెప్పలేదేం?"

"మీరు కష్టపడి చేస్తారు కదా. బాధపడతారని."

అది పగలబడి నవ్వుతుందనో, ఆ పిల్లను పట్టుకుని దులిపేస్తుందనో అనుకున్నాను. వెనక్కి తిరిగి గేటు వైపు నడిచింది. ఆ పిల్ల మొహం అంత మంచిగా ఉంది మరి, దాన్ని ఏమంటుంది?

ఇంటికి వస్తూ సముద్రపు గట్టు మీద కూర్చున్నాం. "పోనీలే, తప్పు తెలిసింది కదా" అన్నాను. "గంజి మానెయ్యి, ఊరంతా మళ్ళీ నీ బల్ల దగ్గరికే వస్తుంది. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని పెద్దలు ఊరికే అనలేదు."

"బోడిగుండు సుఖం గుండు చేయించుకున్నవాళ్ళకి అక్కా, నాకు కాదు" అంది. గట్టు మీది గులకరాళ్ళు ఒక్కొక్కటే తీసి నీళ్ళలోకి విసురుతోంది. "పని వస్తుంది. పని గురించి కాదు నా ఏడుపు. అక్కడైతే తప్పు చేస్తే ముందు నీళ్ళ దగ్గర తెలిసేది, తర్వాత మెట్ల మీద తెలిసేది, సాయంత్రానికి మొహం మీదే తెలిసేది. ఇక్కడ ఊరంతా జిగురు బట్టలు కట్టుకుని నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. ఇంకా దేనికి నవ్వుతున్నారో నాకెలా తెలుస్తుంది? రోడ్డు మీద నడుస్తుంటే నా వీపు నాకే కొత్తగా ఉంటుంది."

"అయితే మరిదితో చెప్పు. తిరిగొచ్చేయండి."

నా వైపు అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు.

"చెబితే ఆయన ఈ క్షణం మూట కడతాడు. కట్టి, మళ్ళీ ఆ మరలోకి వెళ్ళి, మళ్ళీ గోడ పట్టుకుంటాడు. ఆ ఈల విన్నావా నువ్వు? ఆ ఈల కోసమే వచ్చాను. పొద్దున అది వినబడితే ప్రాణం లేచొస్తుంది. మధ్యాహ్నానికి అదే ఈల వింటుంటే ఎటైనా పారిపోవాలనిపిస్తుంది. ఇద్దరిలో ఒకరికే ఊపిరాడే ఇల్లు ఇది. ఆయనకు ఆడనీ."

ఇంకో రాయి విసిరింది. అది పడ్డ చప్పుడు కూడా వినబడలేదు. రాయి మీద కూడా దానికి కోపం వచ్చినట్టుంది, లేచి నిలబడింది.

"అక్కా, ఒక పని చేసిపెట్టు. కొన్నాళ్ళు నువ్విక్కడ ఉండు. ఆయనకు ఇంత వండిపెట్టు, ఆ ఈల విను. నేను వెళ్ళి మన గదుల్లో ఉంటా. బస్సుల చప్పుడులో కళ్ళు మూసుకుని పడుకుంటా. నీళ్ళ దగ్గర ఎవరితోనైనా గట్టిగా ఒక పోట్లాట పెట్టుకుని వస్తా."

"మరిదికి ఏమని చెప్పను?"

"నీకు మోకాళ్ళ నొప్పులని చెప్పు. ఇసకలో నడవమని డాక్టరు చెప్పాడను. అక్కడ గదులు చూసేవాళ్ళు లేరని నేను వెళ్తున్నానను. నా మొహం మీద అబద్ధం నిలవదు, నీ మొహం మీద నిలుస్తుంది."

నాకు మోకాళ్ళ నొప్పులా! బిల్డింగులో ఈ వయసుకి ఐదంతస్తులూ ఆగకుండా ఎక్కేది నేనొక్కదాన్నే.

"కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళే?" అన్నాను.

అది నా మాట వినటం లేదు. రోడ్డు వైపు చూస్తోంది. మలుపు అవతల నుంచి ఈల వినబడుతోంది, దగ్గరవుతోంది. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని లేపింది.

"అదుగో ఆయన వస్తున్నాడు. కుంటు అక్కా, కుంటు!"