కొత్త పాటకి బీరు వరస

లియోటా ప్రాటర్ నోటికి అమెరికాలోని కెంటకీ కొండల్లో పెద్ద పేరే ఉంది. ఏళ్ళ తరబడి బడి బస్సు నడుపుతోంది. వెనక సీట్లో పిల్లలు కొట్టుకుంటే బస్సు ఆపదు, ఒక్క కేక వేస్తుంది. ఆ తర్వాత చీమ చిటుక్కుమనదు. అంతటి మనిషికీ డెల్మర్ స్లోన్ పాటంటే ప్రాణం. మొగుడి మీద లేని ప్రేమ ఆ పాటల మీద ఉందని మొగుడే నవ్వుతూ చెబుతాడు.

డెల్మర్ చేపల గాలాలమ్మే కొట్టు ముందు గిటారు వాయించుకునే రోజుల్లో, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్న మొదటి మనిషి ఆమె. అతను పేరు తెచ్చుకున్నాక ఇంటర్నెట్లో అభిమానుల గుంపును నడిపేదీ ఆమే. ఊళ్ళో కచేరీ పెట్టినప్పుడల్లా అతను వేదిక మీంచి, "మా లియోటా అత్త వచ్చిందా?" అని అడిగేవాడు. ఆ ఒక్క పిలుపు కోసం ఆమె ఏడాదంతా కళ్ళు కాయలు కాచేలా చూసేది.

అలాంటిది, కొత్త ఆల్బం వచ్చింది. ఫిడేలు లేదు, డ్రమ్ములు లేవు. పాట మధ్యలో అతను గొంతెత్తి వేసే, జనం టోపీలెత్తి కాచుకునే ఆ పైస్థాయి కొండకేక అసలే లేదు. ఎవరికో రహస్యం చెబుతున్నట్టు పాడాడు. ఇంకేముంది, అభిమానులు అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

"నాష్‌విల్ పట్నం నీళ్ళు తాగాడు, కొండలు మర్చిపోయాడు," అన్నారొకరు. "ఇది వింటూ ట్రాక్టరెక్కితే నిద్రపట్టి నేరుగా చెరువులోకే," అన్నారింకొకరు. ఒక్క ముసలాయన మాత్రం "నాకు ఏడుపొచ్చింది" అని రాస్తే, "డబ్బు దండగైనందుకా తాతా?" అని ఏడిపించారు. లియోటా ఊరుకునే రకమా? "పాడరా అంటే ఆస్పత్రి వార్డులో గుసగుసలు పెట్టాడు" అని రాసింది. అందరూ ఆహా ఓహో అన్నారు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! పొగడ్త తలకెక్కింది.

కచేరీల్లో ఒక అలవాటుంది. గాయకుడు "ఇది కొత్తది" అనగానే దాహమైనవాళ్ళు మెల్లగా లేచి బీరు కొట్టు దగ్గర వరస కడతారు. ఎవరూ తప్పు పట్టరు. లియోటా ఆ అలవాటునే కర్రగా పట్టుకుంది. "మన ఊరి సంత కచేరీలో వాడు కొత్త పాట ఎత్తుకోగానే అందరం ఒక్కసారే లేద్దాం. బుద్ధొస్తుంది, మన డెల్మర్ మనకి దక్కుతాడు," అని పిలుపిచ్చింది. నిజంగానే అలా అవుతుందని నమ్మింది కూడాను.

సంత రోజు వచ్చింది. డెల్మర్ పాత పాటతోనే మొదలుపెట్టాడు. కొండకేక దగ్గరికొచ్చేసరికి టోపీలన్నీ లేచాయి. గొంతు పైకి వెళ్ళబోయి మధ్యలో చీలిపోయింది. మళ్ళీ ప్రయత్నించాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మొదటి వరసలో ఉన్న లియోటాకి అప్పుడర్థమైంది. వీడు కావాలని పాట మార్చుకోలేదు, వీడి గొంతే పోయింది! అయ్యో, నా నోరు పడిపోను, అనుకుంది.

"ఇది కొత్తది," అన్నాడు డెల్మర్.

వెనక బెంచీలు కదిలాయి. పక్కనున్న స్నేహితురాలు అర్లీన్ ఆమె చెయ్యి పట్టి లాగింది. "లేవే లియోటా! పెళ్ళికూతురు లేకుండా పెళ్ళా?"

"ఆగవే, వాడికి ఏదో అయింది..."

"అయింది, పొగరు! లే, అందరూ నిన్నే చూస్తున్నారు."

నిజమే, అందరూ ఆమెనే చూస్తున్నారు. కూర్చుంటే ఇన్నాళ్ళూ వాగినదంతా తప్పని ఒప్పుకున్నట్టే. పిల్లలను గడగడలాడించే ఆ మనిషికి ఆ మాత్రం ధైర్యం చాలలేదు. తెలిసి తెలిసీ లేచింది. ఆమె వెనకాల సగం జనం లేచారు.

బీరు వరసలో ఉండగా మైకులో బొంగురు గొంతు వినిపించింది. "మొన్న చలికాలంలో గొంతుకి ఆపరేషనైంది. ఇంతకన్నా పైకి పాడలేను. మిగిలిన గొంతుకి సరిపడా రాసుకున్నాను. ఓపికున్నవాళ్ళు వినండి."

కొందరు తలొంచుకుని వెనక్కెళ్ళారు. లియోటా మాత్రం వరసలోనే ఉండిపోయింది. తన కుర్చీ అతని కళ్ళెదురుగానే ఉంది, ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? ఇంట్లో సగం విని విసిరికొట్టిన ఆ పాటను అక్కడ నిలబడి చివరిదాకా విన్నది. ఎంత బాగుందో! సిగ్గుతో చచ్చిపోయింది.

కచేరీ అయ్యాక చప్పుడు చెయ్యకుండా కారు వైపు జారుకోబోయింది. "లియోటా అత్తా!" అని పిలుపు. డెల్మరే ఎదురొచ్చాడు.

"మొదటి వరసలో ఉన్నదానివి, మధ్యలో కనబడలేదేం?"

క్షమించమని అడగడానికి నోరు తెరిచింది. "ఉక్కగా ఉంది కదా నాయనా, దాహమేసింది," అనేసింది.

అక్టోబరు చివరి రోజులు. చుట్టూ ఉన్నవాళ్ళంతా కోట్లలో ముడుచుకుపోయి ఉన్నారు. ఆ అబద్ధం చెబుతుంటే చలికి ఆమె నోట్లోంచే పొగలొస్తున్నాయి.

డెల్మర్ తన కోటు పై బొత్తాం విప్పుకుంటూ, "అవునత్తా, మరీ ఉక్కగా ఉంది," అన్నాడు.