నైరుతి రాయి, ఇద్దరల్లుళ్ళ చేపలు

ఆ రోజుల్లో లైబ్రరీలో చదివిందేదైనా సాయంత్రంలోగా చేసి చూడకపోతే నాకు అన్నం సహించేది కాదు. ఇంటర్‌తో చదువు ఆగిపోయినా, మా శాఖా గ్రంథాలయంలో వంతెనల నిర్మాణం నుంచి తేనెటీగల పెంపకం దాకా బీరువా వరసన చదివేసినదాన్ని. (తేనెటీగల సంగతి అడగకండి.) ఈ చేపల కథ ఇప్పుడెందుకు రాసిపెడుతున్నానంటే, మొన్న ఒక పెళ్ళిలో షాపు ఆంటీ పదిమందిని కూర్చోబెట్టుకుని, తొట్టిలో రాళ్ళు తానే కదిపినట్టు చెబుతుంటే చెవులారా విన్నాను. కదిపింది నేను! మోచేతుల దాకా తడిసినవి నా చేతులు!

షాపు ఆంటీ అంటే, విజయవాడలో నేను మొదట పనిచేసిన మంగళగిరి చీరల కొట్టు యజమానురాలు. ఆవిడ అల్లుళ్ళిద్దరికీ అన్నిట్లోనూ పోటీయే. అత్తగారింట్లో ఫ్యాను కింద ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీ కోసం, కాళ్ళు కూడా కడుక్కోకుండా లోపలికి నడిచేవారని కొట్టంతా చెప్పుకునేది. కొట్టులో చేపల తొట్టి పెట్టగానే కంకిపాడు పెద్దల్లుడుగారు ఒక పచ్చ చేప తెచ్చారు. వారం తిరక్కుండా చల్లపల్లి చిన్నల్లుడుగారు నీలం చేప తెచ్చారు. రెండూ సిక్లిడ్‌లు, అంటే కాస్త చోటు దొరికితే నాదేనని పోట్లాడే జాతి. తొట్టిలో ఉన్నదేమో గుహలాంటి పెద్ద రాయి ఒక్కటే. నైరుతి మూల బరువుండాలని వాస్తు సిద్ధాంతిగారు దగ్గరుండి పెట్టించారు. పచ్చది దాని కింద కాపురం పెట్టింది, నీలంది అటు చూస్తే చాలు వెంటపడి కొరికేది. ఒక బుధవారం పొద్దున్న చూస్తే నీలందానికి సగం తోక లేదు. గాలి గొట్టం వెనక నిలువునా నక్కి ఉంది.

ఆంటీ స్టూలు మీద కూలబడ్డారు. "ఆదివారం అల్లుళ్ళిద్దరూ భోజనానికి వస్తున్నారే అమ్మాయ్! చిన్నాయన ముందు చూసేది ఆ చేపనే. అదిగాని చచ్చిందా, మా చిన్నది ఏడాదిదాకా నా గడప తొక్కదు. తొట్టి నీకప్పగించాను. చేప లేకపోతే నువ్వూ రానక్కర్లేదు."

"పచ్చదాన్ని బకెట్లో పెట్టేద్దామా ఆంటీ?"

"పెద్దల్లుణ్ణి బకెట్లో పెడతావా!"

మధ్యాహ్నం క్యారేజీ కూడా విప్పకుండా లైబ్రరీకి పరిగెత్తాను. అక్కడి లైబ్రేరియన్‌గారు (మేం నిశ్శబ్దం మాష్టారనేవాళ్ళం) చేపల పుస్తకం వెతికిచ్చారు. తెరవగానే ఉపాయం! కోపిష్టి చేపకి అద్దం చూపిస్తే తన నీడతో పోట్లాడుకుంటూ రెండోదాన్ని వదిలేస్తుందట. అంతే, పుస్తకం మూసి వచ్చేశాను. చీర భుజాన వేసి చూసుకునే నిలువుటద్దాన్ని తొట్టికి ఆనించాను. పచ్చది నీలందాన్ని మరిచిపోయి అద్దం మీదికి దూకుతుంటే నాకు గర్వం ఆగలేదు. పావుగంటకి అది ఎంత రెచ్చిపోయిందంటే, అద్దంలో చేప మీద తీరని కసంతా తెచ్చి నీలందాని మీద తీర్చుకుంది. చీర చూడవచ్చినావిడ "అద్దం చేపలకిచ్చి మమ్మల్ని సెల్‌ఫోన్లో చూసుకోమంటారా అండీ?" అని వెళ్ళిపోయింది.

గురువారం మళ్ళీ పరుగు. ఈసారి తర్వాతి పుట కూడా చదివాను. ఎవరో పెన్సిల్‌తో గీత గీసి మరీ ఉంచారు: రాళ్ళ చోటు మార్చేయాలి, దాక్కునే సందులు పెంచాలి, ఏది ఎవరి ఇల్లో ఎవరికీ తెలియకూడదు, బలహీనమైనదాన్ని ముందు వదిలి కోపిష్టిని ఆఖర్న వదలాలి. "దొరికింది!" అని అరిచాను. నిశ్శబ్దం మాష్టారు ఏమన్నారో మీకు తెలుసు.

శుక్రవారం కొట్టు తెరవగానే చేపల్ని చెరో బకెట్లోకి తీశాను. పెద్ద రాయిని మధ్యకి జరిపి, చేపలమ్మే బాషా అన్నయ్య ఇచ్చిన చిన్న రాళ్ళూ కుండపెంకులూ అటూ ఇటూ పేర్చాను. నీలందాన్ని వదిలానో లేదో, ఆంటీ వచ్చేశారు.

"నైరుతి రాయేదే! కొట్టు ముంచావు కదే! పైగా చిన్నాయన్ని ముందు దింపి పెద్దాయన్ని బకెట్లో కూర్చోబెట్టావా? మర్యాద తెలీదూ?"

"నైరుతిలో బరువుండాలన్నారు గానీ, నీళ్ళలోనే ఉండాలన్నారా ఆంటీ?" అంటూ నాలుగు చీరల మూటలు ఈడ్చుకొచ్చి తొట్టి కింద నైరుతి మూల పేర్చాను.

ఆంటీ మూటల్ని చూశారు, నన్ను చూశారు. "తడిశాయో, చంపుతా" అన్నారు. అనుమతి దొరికినట్టే!

పచ్చదాన్ని వదిలాను. అది తిన్నగా నైరుతి మూలకి వెళ్ళింది. ఇల్లు లేదు. ఊరు తెలియని చుట్టంలా తొట్టంతా తిరిగింది. నీలంది ఎదురైంది. రెండూ రెక్కలు విప్పాయి. ఆంటీ నా చెయ్యి గిల్లేశారు. పచ్చది రెక్కలు ముడుచుకుని వేరే సందులోకి పోయింది. ఆంటీ, నేనూ చేతులు పట్టుకుని కొట్టు మధ్యలో గెంతాం!

ఆదివారం ముందు కొట్టుకొచ్చిన చిన్నల్లుడుగారు "తోక తగ్గిందేంటండీ?" అంటే, ఆంటీ "పెరుగుతోంది బాబూ" అన్నారు. భోజనానికి నన్నూ పిలిచారు. వాళ్ళింటికి వెళ్ళేసరికి ఫ్యాను కింద చేతుల కుర్చీ లేదు. బల్ల అడ్డంగా తిరిగింది, కుర్చీలన్నీ ఒకేలాంటివి. చిన్నల్లుడుగారు అప్పటికే కూర్చుని ఉన్నారు. పెద్దల్లుడుగారు గుమ్మంలో నిలబడి ఇల్లంతా చూసి, చివరికి ఏదో ఒక కుర్చీలో కూర్చుని పప్పు కలుపుకున్నారు. ఆంటీ నావైపు చూసి కన్ను గీటారు.

ఇప్పుడు మా పిల్లలు కిటికీ పక్క మంచం కోసం కొట్టుకుంటే, నడుం పట్టేసినా మంచాలు జరుపుతూనే ఉంటాను. ఒక్క పుట చదివి అద్దం మోసుకుంటూ పరిగెత్తిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. అంత పరుగు ఇప్పుడెక్కడిది! నిశ్శబ్దం మాష్టారికీ, బాషా అన్నయ్యకీ, పెన్సిల్ గీత గీసిన ఆ పాఠకులెవరో వారికీ, పచ్చదానికీ, తోక పెంచుకుని నా ఉద్యోగం నిలబెట్టిన నీలందానికీ నా కృతజ్ఞతలు. షాపు ఆంటీకి కూడా. రాళ్ళు కదిపింది నేనే. కానీ కుర్చీలు కదిపింది ఆవిడ, అది మాత్రం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.