గుట్ట దిగిన సర్వే రాయి

నాకు పిరికితనం ఎక్కువ. సుల్తానాబాద్‌లో మా ఇంట్లో పళ్లెం కింద పడినా ఉలిక్కిపడతానని అవ్వ నవ్వేది. అలాంటి నేను సర్వేయర్‌నై, ఖానాపూర్ అవతలి గుట్టల్లో ఒక గోండు గూడేనికి వెళ్లాను. టోపో షీటు అనే పాత సర్వే పటం చూసి, అడవి ఎక్కడ ఆగుతుందో, చేలు ఎక్కడ మొదలవుతాయో తేల్చడం నా పని.

జీపీఎస్ పెట్టె ఎంత కొత్తదైనా, పాత పటాన్ని నేలకు అతికించాలంటే పాత గుర్తు ఒకటి దొరకాలి. షీటులో గుట్ట మీద చిన్న త్రిభుజం ఉంది. అంటే అక్కడ సర్వే రాయి ఉండాలి. గుట్ట సగం ఎక్కేసరికే ఇప్పచెట్టు కింద కనబడింది, ఒళ్లంతా పసుపూ కుంకుమా. రుద్ది చూస్తే చెక్కిన అంకెలూ ఉన్నాయి. ఎండలో ఇంకా పైకి ఎక్కే పని తప్పిందని సంబరపడ్డాను. అక్కడినుంచే కొలిచాను. ఒక ముసలామె పత్తిచేను మొత్తం అడవిలో పడింది. మనసు చివుక్కుమంది. పటం చెప్పింది, నేనేం చేయను అనుకుని మర్నాడు పొద్దున్నే ఫోన్‌లో ఆఫీసుకు పంపేశాను.

సామాను సర్దుతుంటే ఆ ముసలామె వచ్చి రాయికి దండం పెట్టుకుంది.

"మా దేవుడు ముందుగాల గా పైన ఉంటుండె బిడ్డా. ముసలోళ్లు ఎక్కలేకపోతున్నరని మా మామోళ్లు మోసుకొచ్చి గీడ పెట్టిన్రు."

పడుతూ లేస్తూ శిఖరానికి పాకాను. అక్కడి బండ మీద మట్టి గీకితే చెక్కిన వలయం, మధ్యలో చుక్క బయటపడ్డాయి. సర్వే వాళ్లు రాయి నిలబెట్టిన అసలు చోటు అది. అక్కడినుంచి కొలిస్తే ఆమె చేను అడవి గీతకు ఇవతలే ఉంది.

అక్కడే సిగ్నల్ దొరికితే పై అధికారికి ఫోన్ చేశాను.

"సార్, పొద్దున పంపిన పటం తప్పు."

"రేపు నువ్వు పంపిన అడవి గీత మీద కందకం తవ్వనీకి మిషన్ వస్తుంది. తప్పు నీదేనని రాసియ్యి, ఆపుతా. నీ నౌకరీ సంగతి నాకు తెల్వదు."

తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఫోటో తీసి పంపాను.

కిందికి దిగాక ముసలామె అడిగింది. "నా చేనుకు ఫికర్ లేదు గద బిడ్డా?"

"లేదవ్వా," అన్నాను.

ఆమె పత్తి ఏరడానికి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ ఇప్పచెట్టు కిందే కూర్చుండిపోయాను. అంతకుముందు పదకొండు ఊళ్లకు ఇలాంటి పటాలే సంతకం పెట్టి పంపాను. రాయి కదిలిందా అని ఒక్క ఊళ్లోనూ ఎవరినీ అడగలేదు.