తూట్లు పెట్టనివ్వని గురులింగప్ప

గురులింగప్పకు తన మొహం లేని ఫ్లెక్సీ ఫ్లెక్సీయే కాదు. జహీరాబాద్ బస్టాండు నుంచి హైవే దాకా ఏ స్తంభానికి ఏ బ్యానరు కట్టినా, అది పండగదైనా, పెళ్లిదైనా, కాలేజీ అడ్మిషన్లదైనా, కుడివైపు మూల ఆయన నిలబడి ఉండాల్సిందే. తెల్ల చొక్కా, నల్ల కళ్లద్దాలు, చెవికి ఆనించిన ఫోను. ఉగాదికి ఆయనే శుభాకాంక్షలు చెబుతాడు, రంజానుకు ఆయనే ముబారక్ చెబుతాడు, బసవ జయంతికి ఆయనే దండం పెడతాడు. ఆ దండం కూడా ఒంటి చేత్తోనే. రెండో చెయ్యి ఫోను వదలదు.

చేసేది ట్రాక్టర్ల స్పేర్ పార్టుల వ్యాపారం. వయసు యాభై ఎనిమిది. ఫోటో కింద వేయించుకునే బిరుదు మాత్రం ‘యూత్ ఐకాన్’.

“ఈ వయసుల యూత్ ఏందయ్యా? నలుగురు నవ్వరా?” అని భార్య నీలమ్మ ఒకసారి నిలదీసింది.

“స్టార్లకు వయసుంటదా నీలా?”

“మోకాళ్ల నొప్పులుంటయి గద.”

“అవి ఫోటోల పడవు.”

“సరే, ఆ ఫోన్ల ఎవలితోని మాట్లాడుతున్నవు? గదన్న చెప్పు.”

గురులింగప్ప కళ్లద్దాలు సర్దుకుని, “అది చెప్తే ఇమేజి పోతది” అన్నాడు. ఇమేజి సంగతి నీలమ్మకు తెలియనిది కాదు. ఆ ఫోను ఆయనది కానే కాదు. ఫోటో దిగిన రోజు ఆయన ఫోనులో చార్జింగు లేకపోతే, ఫ్లెక్సీలు కొట్టే రాజశేఖర్ తన ఫోను తీసి చేతికిచ్చాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. మన గురులింగప్ప రోకలికి బదులు ఫోను అడిగాడు, అంతే తేడా.

రాజశేఖర్‌కూ ఆయనకూ ప్రతి బ్యానరుకూ ఒకటే తగువు. పెద్ద ఫ్లెక్సీ కట్టేటప్పుడు గాలి పోవడానికి మధ్య మధ్య చంద్రవంక ఆకారంలో కోతలు పెడతారు. లేకపోతే గాలికి ఉబ్బి తాళ్లు తెంపుకుంటుంది. ఆ మాట రాజశేఖర్ ప్రతిసారీ చెప్పేవాడు, గురులింగప్ప ప్రతిసారీ ఒంటికాలి మీద లేచేవాడు.

“జర నాలుగు తూట్లు పెట్టనియ్యి గురన్నా. దునియా అంతా పెడ్తది.”

“నా మొఖానికి తూట్లు పెడ్తవా? దేవుని పటానికి ఎవడన్న తూట్లు పెడ్తడా?”

“ఎగిరిపోతదే!”

“పోనీ. బట్ట మాత్రం మందంది ఎయ్యి. ఉన్నదాంట్ల అన్నిటికంటె మందం.”

అన్నట్టే ఒక దసరా బ్యానరు గాలికి లేచి, హైవే మీద పోతున్న లారీ మీద పడి, లారీతోపాటే ముంబై వైపు వెళ్లిపోయింది. ఇంకొకరైతే నెత్తీ నోరూ కొట్టుకునేవారు. గురులింగప్ప దుకాణంలో అందరికీ పేడాలు పంచాడు. “బొంబాయిల గూడ రిలీజైన!” అని ఆ రోజంతా కాలు ఒక చోట నిలవలేదు.

అయితే ఒక విడ్డూరం ఉంది. పండగ అయిన మర్నాడు పొద్దున్నే ఆయనే నిచ్చెన వేసుకుని, ఆ మోకాళ్లతోనే ఎక్కి, బ్యానర్లన్నీ విప్పి, చుట్టచుట్టి, తన టీవీఎస్ బండి మీద కట్టుకుని ఎటో పోయేవాడు. ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇంటికీ తెచ్చేవాడు కాదు.

“ఏడ దాస్తున్నవయ్యా అన్ని మొఖాలను?” అంటే, “స్టారు ఆస్తులు అడుగొద్దు” అనేవాడు. ఎక్కడో గోదాము అద్దెకు తీసుకుని, నాలుగు గోడలకూ తన మొహాలు కట్టుకుని, మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడని నీలమ్మ అనుమానం. తలుచుకుంటేనే ఆమెకు చెమటలు పట్టేవి.

ఈ ఫ్లెక్సీల వల్ల ఆయన ఒకసారి చచ్చిపోయాడు కూడా. పక్క వీధి నాగప్ప తొంభై దాటి కాలం చేస్తే, ‘కన్నీటి నివాళి’ అని బ్యానరు కట్టించాడు. పాపం నాగప్పకు దొరికిన ఫోటో ఆధార్ కార్డుది, అదీ మసక మసకగా. గురులింగప్ప ఫోటో మాత్రం నిలువెత్తున తళతళలాడింది. చూసినవాళ్లు ఎవరు పోయారనుకుంటారు? మొగుడంపల్లి నుంచి మేనత్త బస్వమ్మ పూలదండతో ఆటో దిగి, వాకిట్లోనే నీలమ్మను పట్టుకుని బావురుమంది. ఆమె వెనక వీధి వీధంతా వచ్చింది. ఏడ్చేవాళ్లను చూస్తే నీలమ్మకు ఏడుపు ఆగదు, ఆమె కూడా అందుకుంది.

“అత్తా, ఎవలు పోయిన్రు?” అని వెక్కిళ్ల మధ్య అడిగింది.

“నీ మొగడే గద పోయింది, నా తల్లీ!”

ఆ మొగుడు సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో లోపలినుంచి వచ్చాడు. బస్వమ్మ కెవ్వున అరిచి, దండతోనే నాలుగు బాదింది. గురులింగప్ప ఆ దెబ్బలేవీ లెక్కచేయకుండా జనాన్ని చూసి మురిసిపోయాడు. “ఎంత మంది వచ్చిన్రు చూసినవా నీలా! అందరికీ చాయ్ పెట్టు. అవు గని, రాజశేఖర్ ఏడి? నేను పోతే గూడ రాడా?”

“నువ్వు బతికే ఉన్నవని ఆయనకు ఎరుకే గద! బ్యానర్ కొట్టిందే ఆయన!”

“అయినా రావాలె. మర్యాద ఉండాలె మనిషికి.”

ఇలా ఉండగా ఒక మాఘమాసంలో, చెరుకు నరికే రోజుల్లో, హైదరాబాదు నుంచి సినిమావాళ్లు దిగారు. దర్శకుడి పేరు వికాస్, ముప్ఫై దాటని కుర్రాడు. పేరు కోసం పిచ్చెక్కిపోయిన ఒక మనిషి కథ తీయబోతున్నాడట. చివరికి ఆ మనిషిని చూసి లోకమంతా నవ్వుతుంది, అదీ కథ. హైవే పొడుగునా ఫోను పట్టుకున్న మొహం చూసుకుంటూ వచ్చి, నేరుగా స్పేర్ పార్టుల దుకాణం ముందు కారు ఆపాడు.

“సార్, ఆ ఫ్లెక్సీల మీద ఉండేది మీరేనా?”

గురులింగప్ప చేతిలోని బేరింగు కింద పడి దొర్లుకుంటూ రోడ్డు మీదికి పోయింది. దానివంక ఆయన కన్నెత్తి చూడలేదు.

“మా సినిమాలో మీరే చేయాల్సిన పాత్ర ఒకటుంది సార్. నటించక్కర్లేదు. మీరు మీలా ఉంటే చాలు.”

“ముప్పై ఏండ్ల సంది గదే పని మీద ఉన్న!” అన్నాడు గురులింగప్ప. ఆ సాయంత్రానికి ఊళ్లో ఈ కబురు తెలియని మనిషి లేడు. తెలిసినవాళ్లకు కూడా ఆయన రెండోసారి చెప్పాడు.

వికాస్‌ను ఇంటికి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. నీలమ్మ చాయ్ పట్టుకుని వసారాలోకి వస్తుంటే, కుర్రాడు అటు తిరిగి ఫోనులో ఎవరితోనో అంటున్నాడు. “దొరికాడ్రా! మనం రాసుకున్న పిచ్చోడికంటే పెద్ద పిచ్చోడు. జనం పడీ పడీ నవ్వుతారు.”

నీలమ్మ చాయ్ కప్పులు ఠప్పున బల్ల మీద పెట్టింది. గురులింగప్పను పిచ్చోడనే హక్కు ఈ ఊళ్లో ఆమెది. అది ఆమె కాపురం చేసి సంపాదించుకున్న హక్కు. నిన్న గాక మొన్న వచ్చినవాడు దాన్ని వాడుకోవడం ఆమెకు కారం రాసినట్టు మండింది.

“వద్దయ్యా. నిన్ను నవ్వులపాలు చేస్తందుకు తీస్తుండ్రు” అని మొగుణ్ని బతిమాలింది.

“నవ్వనీ. పైసలు పెట్టి వచ్చినోళ్లు ఏడ్వాల్నా?”

“నిన్ను చూసి నవ్వుతరయ్యా!”

“మరి నన్ను చూడకుంటే ఎట్ల నవ్వుతరు?”

ఇక ఆయనకు చెప్పి లాభం లేదనుకుంది నీలమ్మ. షూటింగు రోజు కెమెరా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోవాలని, తన మొగుణ్ని ఎవడైనా అపహాస్యం చేస్తే అక్కడికక్కడే చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కెళ్లాలని మనసులో గట్టిగా అనుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. గురులింగప్ప జుట్టుకు రంగు, చెప్పులకు పాలిషు, మోకాళ్లకు తైలం. హైవే పక్కన రాజశేఖర్ తన జన్మలో కొట్టినవాటిలోకెల్లా పెద్ద ఫ్లెక్సీ లేచింది. ‘చిత్ర బృందానికి స్వాగతం సుస్వాగతం’. అందులో హీరో మొహం నిమ్మకాయంత, గురులింగప్పది గుమ్మడికాయంత. తూట్లు మామూలుగానే లేవు. జనం విరగబడ్డారు. బస్సులు ఆగాయి, కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. నీలమ్మ కొంగు బిగించి కుర్చీలో కూర్చుంది.

ఆయన చేయాల్సింది చిన్న ముక్క. తన ఫ్లెక్సీ కింద నిలబడి, చెవి దగ్గర ఫోను పెట్టుకుని, “నేను లేకుంటే ఈ ఊరే లేదు!” అనాలి. రాత్రంతా అద్దం ముందు అదే మాట అని అని ఇల్లు పీకి పందిరేశాడు. క్లాపు కొట్టారు. వికాస్ “యాక్షన్!” అన్నాడు. జనమంతా ఊపిరి బిగబట్టారు.

సరిగ్గా అప్పుడు నల్ల కళ్లద్దం మీద టప్పున ఒక చినుకు పడింది.

గురులింగప్ప తలెత్తి చూశాడు. ఝరాసంగం దిక్కున అకాలపు మబ్బు కారునల్లగా కమ్ముకొస్తోంది. రెండో చినుకు పడింది.

“సార్, డైలాగు!” అని వికాస్ అరిచాడు.

గురులింగప్ప చెవి మీంచి ఫోను తీసి జేబులో వేసుకున్నాడు. నలుగురూ చూస్తుండగా ఆయన చెయ్యి కిందికి దిగడం నీలమ్మ అదే మొదటిసారి చూడటం.

“రాజశేఖర్! నిచ్చెన తే, జల్ది!”

“సార్, ఏం చేస్తున్నారు? షాట్ నడుస్తోంది!”

“షాటు ఏడికి పోదు బిడ్డా. వాన ఆగదు.”

చూస్తుండగానే నిచ్చెన ఎక్కి, తాళ్లు కోసి, అంత పెద్ద బ్యానరునూ కిందికి లాగి, చుట్టచుట్టి, బండి మీద వేసుకుని, కోట్ల మంది చూడబోయే సీను మధ్యలో వదిలేసి గురులింగప్ప పారిపోయాడు. జనం ఈలలు వేసి నవ్వారు. వికాస్ కళ్లు మెరిసిపోయాయి. “కెమెరా కార్లో పెట్టరా! వదలొద్దు, పిచ్చి పరాకాష్ఠలో ఉంది!” అంటూ ఉరికాడు. కారు ముందు సీట్లో అప్పటికే నీలమ్మ కూర్చుని ఉంది. “చూస్తవేంది, నడిపియ్యి!” అంది.

టీవీఎస్ బండి ఝరాసంగం రోడ్డు పట్టి, మట్టిబాటలోకి తిరిగి, ఒక చెరుకుతోట పక్కన ఆగింది. సరిహద్దు అవతలి ఊళ్ల నుంచి చెరుకు కొట్టడానికి వచ్చి, పని అయ్యేదాకా ఉండిపోయే కూలీలు అక్కడ గుడిసెలు వేసుకున్నారు. వెదురు కర్రలు, చెరుకాకు గోడలు. పైకప్పులు మాత్రం గురులింగప్ప.

ఒక గుడిసె మీద ఉగాది శుభాకాంక్షలు, ఒకదాని మీద రంజాన్ ముబారక్, ఇంకొకదాని మీద నాగప్పకు కన్నీటి నివాళి. వరసగా అన్నింటి మీదా తెల్ల చొక్కా, నల్ల కళ్లద్దాలు, చెవికి ఫోను. వాన దబదబా వాటి మీద కురిసి, జారి, కిందికి పోతోంది.

“ఫోనప్ప వచ్చిండు! ఫోనప్ప వచ్చిండు!” అని పిల్లలు ఎగురుతున్నారు. చివరి గుడిసెకు పాత చీర తప్ప కప్పు లేదు. లోపల పచ్చి బాలింత, ముందురోజే వచ్చిందట. ‘చిత్ర బృందానికి స్వాగతం’ విప్పి, ఇద్దరు కూలీలు చెరో పక్క పట్టుకుంటే, యూత్ ఐకాన్ మోకాళ్లు మూలుగుతున్నా వెదురు మీదికెక్కి తాళ్లు బిగిస్తున్నాడు.

కూలీల్లో పెద్దామె దేవమ్మ నీలమ్మ చెయ్యి పట్టి తన గుడిసెలోకి లాగింది. “తడుస్తున్నవమ్మా, లోపటికి రా.”

లోపల ఒక్క చుక్క లేదు. నీలమ్మ తలెత్తింది. ఆ గుడిసెకు బొమ్మ లోపలివైపు కట్టారు, నెత్తిమీద మొగుడే. ఎక్కడా ఒక తూటు లేదు. రాజశేఖర్‌తో ఆయన పడిన తగువులన్నీ ఆమెకు ఒక్కసారిగా జ్ఞాపకమొచ్చాయి.

“పంటె చాలు, ఈనే కనపడ్తడు. రాత్రంత ఫోన్ మాట్లాడుతనే ఉంటడు” అంది దేవమ్మ.

“ఎవలితోనంట?” అంది నీలమ్మ.

“వానతోనంట. ఇటు రాకు, అటు మల్లు అని చెప్తుండని మా పిల్లలు అంటరు.”

నీలమ్మకు నవ్వు ముంచుకొచ్చింది. గుడిసె బయటికొచ్చి, వానలో నిలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె పక్కన వికాస్ కెమెరా ఆపేసి, తడుస్తూ నిలబడ్డాడు. గురులింగప్ప కిందికి దిగి ఇద్దర్నీ చూసి, దొంగతనం బయటపడ్డవాడిలా తడబడ్డాడు. జుట్టు రంగు కరిగి చెంపల మీద నల్లగా కారుతోంది.

“గది కాదు నీలా... పైనుంచి విమానాలు పోతయి గద. గాళ్లకు గూడ నా మొఖం కనపడాలె. పబ్లిసిటీ.”

“మరి దేవమ్మ గుడిసెకు లోపటికి కట్టినవేంది?”

గురులింగప్ప చెంప మీది రంగు తుడుచుకున్నాడు. “అది నైట్ షో.”

“సార్,” అన్నాడు వికాస్ మెల్లగా, “ఇది సినిమాలో పెట్టుకోనా?”

సినిమాలో మొహం పడుతుందంటే గురులింగప్ప వద్దనడం ఆ ఒక్కసారే. “గిది వద్దు బిడ్డా. జుట్టు కారుతున్నది, అసహ్యంగ ఉంట. రేపు మంచిగ బ్యానర్ కింద తీద్దం. కొత్తది కొట్టిస్త.”

తిరిగి వచ్చేటప్పుడు వికాస్ ఫోనులో తన స్నేహితుడితో “కథ మార్చాలిరా. నవ్వాల్సింది ఆయన్ని చూసి కాదు” అంటుంటే నీలమ్మ విననట్టే కూర్చుంది. ఇంటికెళ్లాక ఆ కుర్రాడికి పొయ్యి మీది వేడి వేడి జొన్నరొట్టెలు వద్దన్నకొద్దీ వడ్డించింది.

మర్నాడు పొద్దున్నే ఆమె రాజశేఖర్ దుకాణం మెట్లెక్కింది. అతను గతుక్కుమన్నాడు. ఫ్లెక్సీలు మానెయ్యమని తిట్టడానికి తప్ప ఆమె అక్కడికి ఎన్నడూ రాలేదు.

“పెద్ద ఫ్లెక్సీ ఒకటి కొట్టు తమ్మీ. ఈసారి ఆయన పక్కకు నా ఫోటో గూడ పెట్టు.”

“నీదా అక్కా! నువ్వు పెండ్లి ఫోటోల గూడ తల వంచుకున్నవంట గద?”

“ఇప్పుడు ఎత్తుత. నీ ఫోన్ ఇటియ్యి” అని తీసుకుని, చెవికి ఆనించుకుని, కొంగు సర్దుకుని నిలబడింది. “ఇన్నేండ్ల సంది గాయన ఒక్కడే మాట్లాడుతుండు. అవతలి నుంచి ఎవలన్న పలకాలె గద.”

రాజశేఖర్ నోరు తెరుచుకుని ఫోటో తీశాడు. “పైన ఏం రాయాలె అక్కా? ఏం పండుగని?”

“నీకు తోచింది రాయి. బట్ట మాత్రం మందంది ఎయ్యి” అని మెట్లు దిగబోయి, వెనక్కి తిరిగి వేలు చూపించింది. “తూట్లు పెట్టినవో, చూడు మరి!”