మోటారు వాటా

సముద్రంలో రెండు నెలల వేట నిషేధం మొదలవడానికి నాలుగు రోజుల ముందు మా తమ్ముడు చనిపోయాడు. గుండె ఆగింది. నెల్లూరు తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయింది. సమాధి దగ్గర చాలామంది చాలా మాటలు చెప్పారు. వాటిలో ఏవీ నాకు గుర్తు లేవు. గుర్తున్నది అతని మోటారు.

మా వైపు చిన్న ఫైబర్ పడవలో నలుగురు వేటకు పోతే వచ్చిన చేపను ఆరు వాటాలు వేస్తారు. మనిషికొకటి చొప్పున నాలుగు, పడవకొకటి, మోటారుకొకటి. పడవ తమ్ముడి స్నేహితుడిది, మోటారు తమ్ముడిది. కాబట్టి తమ్ముడు లేకపోయినా, మోటారు నడిచినంత కాలం దాని వాటా మా మరదలి ఇంటికి వస్తుంది. ఎవరూ జాలిపడి ఇచ్చేది కాదు, ఎవరినీ అడగాల్సిందీ లేదు. కానీ ఇంకో పద్ధతి కూడా ఉంది. నిషేధం తీసేసిన తొలిరోజు పడవకు ఏ మోటారు కడితే ఆ ఏడంతా అదే. మధ్యలో మార్చితే ఇచ్చినవాళ్ళను అవమానించినట్టు.

తమ్ముడి మోటారు పాతది. పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక కిరసనాయిలుకు మార్చే రకం. నిషేధం రోజుల్లో ఇలాంటి మోటార్లను వారానికోసారైనా తాడు లాగి తిప్పాలి. లేకపోతే లోపల పట్టేస్తుంది. అది అందరికీ తెలుసు. అయినా మా ఇంట్లో నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడిక అయ్యేదాకా దాని మీద కప్పిన దుప్పటి ఎవరూ తీయలేదు. ఆ తర్వాత కూడా తీయలేదు. నేను నెల్లూరులో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. కూడిక కాగానే వెళ్ళిపోయి, నిషేధం ముగియడానికి రెండు రోజుల ముందు మళ్ళీ వచ్చాను.

సోమవారం తెల్లవారుజామున పడవలు దిగాలి. శనివారం పొద్దున తమ్ముడి స్నేహితుడు, నేను కలిసి మోటారును పంచలోంచి బయటికి మోసి, ఒక దిమ్మెకు బిగించి నిలబెట్టాం. అతను తాడు లాగాడు. బెత్తెడు కూడా రాలేదు. గేరులో ఉందేమోనని చూశాడు. లేదు, న్యూట్రల్‌లోనే ఉంది. కింద నీళ్ళలో తిరిగే రెక్కల్ని ఇక్కడ ఫ్యాను అంటారు. దాన్ని చేత్తో తిప్పితే సులువుగా తిరిగింది. అంటే కింది పెట్టెలో తప్పు లేదు. తాడు చుట్టుకునే మూత విప్పి పక్కన పెట్టి, పై చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని తిప్పబోయాడు. కదల్లేదు. అంటే తాడులోనూ తప్పు లేదు. మిగిలింది సిలిండరు ఒక్కటే.

నేను నెల్లూరు నుంచి ఆ మోటారు పుస్తకాన్ని ప్రింటు తీయించి తెచ్చాను. అందులో ఉన్న వరుస చదివి వినిపిస్తున్నాను.

“చదువన్నా, చదువు. మోటారు కూడా వింటా ఉండాదిలే,” అన్నాడతను.

ప్లగ్గు విప్పాడు. రంధ్రంలోంచి ఎర్రటి నీళ్ళు కారాయి. చిన్న గ్లాసు నిండేటన్ని. అతను వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని ఉప్పు లేదన్నాడు. సముద్రం నీళ్ళు కావు, బావి నీళ్ళు. వాకాడులో ఈ మోటార్లు బాగుచేసే పెద్దాయన, సాయిబు గారు, ఉన్నారు. ఆ వారం ఆయన ముందు మోటార్లు వరుస కట్టి ఉన్నాయి, బుధవారం దాకా రాలేనన్నారు. ఫోన్లోనే అంతా విని ఒక్క ప్రశ్న అడిగారు.

“కడిగినాక దాన్ని ఎట్టా పడుకోబెట్టినారయ్యా?”

జవాబు నాకే తెలుసు. సమాధి చేసిన మూడో రోజు ఏం చేయాలో తోచక, వేట నుంచి రాగానే తమ్ముడు చేసే పద్ధతిలోనే మంచినీళ్ళతో మోటారును కడిగాను. దాని స్టాండు పడవల దగ్గరే ఉండిపోయింది. ఫ్యాను రెక్కలు నేలకు తగిలి వంకర పోతాయేమోనని, తోక భాగాన్ని అరుగు మీదికి ఎత్తి, తల భాగాన్ని కింద దిండు మీద ఆనించాను. దుప్పటి కప్పాను. చాలా జాగ్రత్తగా చేశాను.

అదే చెప్పాను. సాయిబు గారు నెమ్మదిగా చెప్పారు. తోకలో నిలిచిన నీళ్ళు ఎప్పుడూ కిందికి కారిపోవాలి. తల పల్లంగా ఉంటే అవి పొగ గొట్టం దారినే వెనక్కి వచ్చి సిలిండరులోకి దిగుతాయి. రెండు నెలలు అక్కడే నిలిచి తుప్పు పట్టించాయి. సుత్తి ముట్టుకోవద్దు, బలవంతంగా లాగొద్దు, డీజిలూ ఆయిలూ కలిపి రంధ్రంలో పోసి ఓపిక పట్టమన్నారు. ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, అవసరమైతే రెండు.

ఫోను పెట్టేశాక తమ్ముడి స్నేహితుడు నా వైపు చూడలేదు. డీజిలు డబ్బా కోసం పోయాడు.

ఆ సాయంత్రం మరదలికి చెప్పాను. మోటారు పట్టేసింది నా వల్లేనని, నేను కడిగి తప్పుగా పడుకోబెట్టడం వల్లేనని. ఆమె బియ్యం ఏరుతూ ఉంది. చెయ్యి ఆపలేదు.

“నేనూ ఒక చెయ్యి వేసినా గదా బావా. తోక ఎత్తి అరుగు మీద పెట్టింది నేనే.”

నాకు ఆ సంగతి గుర్తే లేదు. ఆ రోజు పక్కన ఎవరున్నారో చూడలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక చక్రం తిప్పి చూశాం. కదల్లేదు. మళ్ళీ నూనె పోశాం. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని రంధ్రంలోకి టార్చి కొట్టి చూస్తుంటే, దారిన పోతున్న ఒక పెద్దాయన నిలబడ్డాడు.

“ఆరాధన అయిపాయ గదరా. ఇంకా దేనికి మోకరించినారు?”

“దీనికి మారుమనసు రాలా తాతా,” అన్నాడు స్నేహితుడు.

నవ్వాడు గాని అతను ఇబ్బందిలో ఉన్నాడని నాకు తెలుసు. వాళ్ళ మేనమామ కొడుకు దగ్గర ఇంకో మోటారు ఉంది. కావాలో వద్దో ఆదివారం సాయంత్రానికల్లా చెప్పమన్నాడు. వేటకు పోకుండా ఇల్లు గడిచే స్థితి ఇతనిదీ కాదు. పడవలో ఇంకా ఇద్దరున్నారు. తీసుకోమని నేనే చెప్పాను. అతను సరేననలేదు, కాదనలేదు.

మధ్యాహ్నం మైకు ఆటో వచ్చింది. సోమవారం శ్రీహరికోట నుంచి రాకెట్టు పోతుంది, పడవలు సముద్రంలోకి దిగకూడదు అని చెప్పుకుంటూ వీధి చివరిదాకా పోయింది. రెండు నెలలు ఆగి, ఇంకో రోజు ఆగాల్సి వచ్చినందుకు ఊళ్ళో అందరూ విసుక్కున్నారు. తమ్ముడి స్నేహితుడు ఒక్కడే వెంటనే లేచి మేనమామ ఇంటికి పోయాడు. రేపు ఎవరూ పోవడం లేదు గనక జవాబు కూడా రేపే చెప్తానని ఒప్పించి వచ్చాడు.

సోమవారం పొద్దున మరదలు పెద్ద గిన్నెలో నీళ్ళు కాచి తెచ్చింది. పాత గుడ్డలు ఆ నీళ్ళలో ముంచి పిండి సిలిండరు చుట్టూ చుట్టాం. చల్లారితే తీసి మళ్ళీ వేడివి చుట్టాం. పై లోహం వేడికి కొంచెం సాగితే లోపలిది వదులుతుందని సాయిబు గారు చెప్పిన మాట. మధ్యమధ్యలో అతను చక్రాన్ని ఇటు ఒకసారి, అటు ఒకసారి అదుముతున్నాడు. నేను చక్రం మీద, దాని పక్కన కదలని లోహం మీద పెన్సిలుతో ఒకే గీత గీశాను, కదిలితే తెలుస్తుందని. పదకొండు దాకా ఆ రెండు గీతలూ కలిసే ఉన్నాయి. తర్వాత చూసినప్పుడు వాటి మధ్య గోరంత ఎడం ఉంది.

అతనికి చూపించాను. అతను ముందుకు తిప్పలేదు, వెనక్కి తెచ్చాడు, మళ్ళీ ముందుకు. గోరంత వేలెడు అయింది, వేలెడు బెత్తెడు అయింది. ఒంటిగంటకు చక్రం ఒక చుట్టు పూర్తిగా తిరిగింది. దక్షిణ దిక్కున ఎక్కడో పిల్లలు అరిచారు. రాకెట్టు లేచినట్టుంది. మేము తలెత్తలేదు.

ఆపైన పని సులువైంది. మూత మళ్ళీ బిగించి, ప్లగ్గు లేకుండా తాడు లాగితే మిగిలిన ఎర్ర నీళ్ళు, నల్ల నూనె బయటికి చిమ్మాయి. కార్బొరేటరు విప్పి పెట్రోలుతో కడిగాం. పాత ప్లగ్గును లోహానికి ఆనించి తాడు లాగితే నిప్పురవ్వ సన్నగా వచ్చింది. కొత్త ప్లగ్గు వేస్తే నీలంగా వచ్చింది. మోటారు తోకను నీళ్ళ డ్రమ్ములో దించి, సాయంత్రం నాలుగున్నరకు అతను తాడు లాగడం మొదలుపెట్టాడు. పద్నాలుగోసారికి అందుకుంది. తెల్లటి పొగ పంచ నిండా కమ్ముకుంది. మరదలు లోపలి నుంచి వచ్చి, ఆరేసిన బట్టలు తీసుకుని, మోటారు వైపు కాసేపు చూసి లోపలికి పోయింది.

మంగళవారం తమ్ముడి మోటారుతోనే పడవ దిగింది. తమ్ముడి చోటులో ఎవరినీ ఎక్కించుకోలేదు. ముగ్గురే పోయారు. పదిన్నరకు తిరిగి వచ్చారు. మోటారు దారిలో ఒకసారి ఆగి, మళ్ళీ అందుకుందట. కవళ్ళనే చిన్న చేపలు ఎక్కువ, మాగలనే పెద్ద చేపలు కొన్ని పడ్డాయి. తమ్ముడి స్నేహితుడు ఇసుక మీద పట్టా పరిచి వాటాలు వేశాడు. నేను లెక్కపెట్టాను. ముగ్గురు మనుషులు, పడవ, మోటారు. అయిదు ఉండాలి. ఆరు వేశాడు.

మరదలు బేసిను తెచ్చుకుంది. అతను రెండు కుప్పలు ఆమె వైపు తోశాడు. ఆమె ఒక కుప్పే బేసినులోకి ఎత్తుకుంది.

“అదీ నీదే వదినా.”

“మోటారు వేటకు పోయింది, దాని వాటా తీసుకున్నా. మనిషి పోలా గదా.”

అతను ఏదో చెప్పబోయి నా వైపు చూశాడు. ఆమె బేసిను నెత్తికెత్తుకుని గట్టు వైపు నడిచింది. అతను కాసేపు ఆ కుప్ప ముందే కూర్చున్నాడు. తర్వాత దాన్ని చెదరగొట్టి, మిగిలిన అయిదు వాటాల్లో సమంగా కలపడం మొదలుపెట్టాడు. ఆమె వాటాకు వచ్చిన చేపల్ని ఇంటికి తీసుకెళ్ళమని నాకు ఇచ్చాడు. ఆరు కవళ్ళు. వాటిని తువ్వాలులో కట్టుకుని ఆమె వెనకాలే వెళ్ళాను.